సగం ధరకు కొండపల్లి కోట

"బోణీ బేరమండీ, కాదనకండి" అన్నాడు గైడు.

అప్పటికే ఎండ నడినెత్తికి వస్తోంది. ఒక కాలేజీ గుంపూ, పెళ్లి ఫొటోలు తీయించుకునే జంటా కోట చూసేసి దిగిపోతున్నారు. దీపాలు పెట్టే వేళ కూడా "మీదే బోణీ అమ్మా" అని చెప్పి గుండిగలు అమ్మినదాన్ని నేను. నా దగ్గరా బోణీ?

విజయవాడ వన్ టౌన్‌లో మాది స్టీలు సామాన్ల కొట్టు. మొదట మా నాన్నది, ఆయన తర్వాత నాదీ, మా ఆయనదీ. చిన్నప్పుడు బళ్లో బెంచీ మీద కంటే గల్లాపెట్టె పక్కన బోర్లించిన గంగాళం మీద కూర్చున్నదే ఎక్కువ. అందుకని బేరం నాకు ఎవరో నేర్పిన విద్య కాదు. నడక వచ్చినట్టే వచ్చింది. డాక్టరుగారు మందులు వారం రోజులు వేసుకోమంటే "నాలుగు రోజులు చాలవా అండీ" అని అడిగిన మనిషిని. ఆయన ఐదుకి దిగారు కూడా.

నాన్న నాకు ఇచ్చిన ఆస్తిలో కొట్టు కంటే గట్టిది ఒక మాట. "ధర మొదట మనం చెప్పకూడదమ్మా. మొదట నోరు విప్పినవాడు మొదటే ఓడిపోతాడు." గిరాకీ వచ్చి బిందె ఎంత అని అడిగితే, మేం బిందె తుడుస్తూ "మీరు ఎంతలో చూస్తున్నారమ్మా?" అంటాం. అంతే. ఆవిడ ఒక అంకె అంటుంది. ఇక ఆ అంకె నుంచి ఎటు వెళ్లాలో మాకు తెలుసు.

మా ఆయనది చల్లపల్లి దగ్గర పల్లె. మేష్టరుగారి అబ్బాయి. పెళ్లయ్యేనాటికి ఒక ప్రైవేటు స్కూల్లో చరిత్ర పాఠాలు చెబుతూ ఉండేవాడు. నాన్నకి ఒంట్లో బాగుండక కొట్టులోకి రమ్మంటే, ఉద్యోగం మానేసి వచ్చాడు. కొత్తలో ఎవరు ఏం అడిగినా కొన్న ధర, అమ్మే ధర, లాభం మూడూ చెప్పేసేవాడు. నాన్న గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. మా ఆయనకి నోరు మూసుకోవడం నేర్పింది నేనే. బాగా నేర్చుకున్నాడు. ఎంత బాగా అంటే, ఇప్పుడు నేను నేర్పిన విద్యను నా మీదే వాడుతున్నాడు.

సంగతేమిటంటే, మర్నాడు సోమవారం కంపెనీ ఏజెంటు పెళ్లిళ్ల సీజన్ ఆర్డరు రాసుకోవడానికి వస్తున్నాడు. ఆర్డరిస్తే సరుకు దిగుతుంది. సరుకు దిగితే అది అమ్ముడయ్యేదాకా కొట్టు నడపాలి. ఇవ్వకపోతే, ఉన్నది తెగనమ్మి షట్టరు దించెయ్యొచ్చు. దించెయ్యాలని నాకుంది. నిజం చెప్పాలంటే చాలా రోజుల నుంచే ఉంది. పొద్దున్నే ఆ షట్టరు ఎత్తాలంటే ఇద్దరం కలిసి ఎత్తాలి. స్టీలు రోజూ తుడవకపోతే మెరవదు, మెరవకపోతే ఎవరూ గుమ్మం ఎక్కరు. ఎక్కినవాళ్లు డబరా గిన్నె చేతికి తీసుకుని, నాలుగు వైపులా ఫోనుతో ఫొటో తీసుకుని, ఫోనులో ధర చూసుకుని, "మళ్లీ వస్తామండీ" అంటారు. ఆ గిన్నె మీద వాళ్ల వేలిముద్రలు మళ్లీ తుడవాలి. గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను పట్టుకుని పట్టుకుని, ఖాళీగా ఉన్నప్పుడు కూడా నా వేళ్లు సన్నగా వణుకుతూనే ఉంటాయి. ఆయన సంగతి చూద్దామా అంటే, అటక మీది సరుకు దించీ దించీ కుడి భుజం పైకి లేవదు.

ఆయనకీ మూసెయ్యాలనే ఉందని నా అనుమానం. కానీ అనడు. నేనూ అనను. పాఠాలు చెప్పుకునే మనిషిని తీసుకొచ్చి గరిటెల మధ్య కూర్చోబెట్టినదాన్ని, ఇప్పుడు "ఇక చాలు" అంటే, మరి ఇన్నాళ్లూ ఎందుకు కూర్చోబెట్టావంటాడేమోనని నాకు భయం. ఆయన భయం ఏమిటో నాకు తెలీదు. అడిగితే నేను మొదట నోరు విప్పినట్టవుతుంది.

శనివారం సాయంత్రం షట్టరు దించుతూ, "రేపు కొండపల్లి కోట చూసొద్దామా?" అన్నాడు. ఇన్నేళ్లూ కూతవేటు దూరంలో ఉండి ఒక్కసారీ ఎక్కలేదు. ఆహా, అక్కడ చెబుతాడన్నమాట, అనుకున్నాను. అక్కడ నేను చెబుతానని ఆయన అనుకున్నాడని తర్వాత తెలిసింది.

ఇక గైడు సంగతి. తలకి తువ్వాలు, చేతిలో కర్ర. కర్ర ఎందుకయ్యా అంటే "కోతులకండీ" అన్నాడు. మాటకారి. మేమిద్దరమే కాబట్టి ప్రత్యేకంగా అంతా తిప్పి చూపిస్తానన్నాడు.

"ఎంత తీసుకుంటావు బాబూ?"

"మీరు ఎంతిస్తే అంతే అమ్మగారూ. మీ ఇష్టం."

నాకు ఒళ్లు జలదరించింది. అది నా మాట. మా నాన్న మాట.

"అలా కాదు, చెప్పు."

"పెద్దవారు, మీకు తెలీందేవుందండీ."

"మాకు ఏమీ తెలీదు. మొదటిసారి వచ్చాం."

ఇద్దరం కాసేపు కోతుల గురించి మాట్లాడుకున్నాం. చివరికి అతనే తట్టుకోలేక ఒక ధర చెప్పాడు. నేను రెప్ప వెయ్యకుండా అందులో సగం అన్నాను. అతను నెత్తిన చెయ్యి పెట్టుకుని, "సార్, మీరైనా చెప్పండి" అన్నాడు. ఇలాంటప్పుడు ఆయన ఆకాశం వైపు చూడాలి. చూశాడు.

"ఎండగా ఉంది, పదండి" అన్నాను.

ఇది మా ఇద్దరి మధ్య ఉన్న కోడ్. మేం కొనేచోట వాడతాం. ఈ మాట అనగానే ఇద్దరం వెనక్కి తిరిగి నడవాలి. వర్షం పడుతున్నా ఇదే మాట. నడక మాత్రం తాపీగా ఉండాలి, చెవులు వెనక్కి పెట్టుకుని. తొందరగా నడిస్తే నిజంగానే వెళ్లిపోతున్నారనుకుని వదిలేస్తారు. ఎదుటివాడు పిలవడానికి వీలుగా వెళ్లిపోవడంలోనే ఉంది పనితనమంతా.

"అమ్మగారూ! రండి, మీరన్నట్టే కానివ్వండి. కాకపోతే దానికి తగ్గట్టే చూపిస్తాను. తర్వాత నన్ను అనకూడదు."

గెలిచిన ఊపులో ఆ రెండో మాట నేను సరిగా చెవిన వేసుకోలేదు. నేనే వినకపోతే ఇంకెవరు వినాలి? గీచి గీచి బేరమాడేవాళ్లకి మేమూ అదే చేస్తాం. అదే ఆకారం, అదే మెరుపు, కాకపోతే రేకు పలచన. ఇంటికెళ్లి పొయ్యి మీద పెట్టాకే తెలుస్తుంది. ఆ ఆదివారం నాకు పలచటి రేకు కోటను కట్టబెట్టారు.

"ఇది దర్వాజా అండీ. చాలా పాతది."

"ఎంత పాతది?"

"అది ఫుల్ టూర్‌లో వస్తుందండీ."

మా ఆయన నా వైపు చూశాడు. నేను రాళ్ల వైపు చూశాను.

నాట్యాలు జరిగేవంటూ ఒక మండపంలాంటి చోటికి తీసుకెళ్లాడు. పైకప్పు లేదు. ఎండ నేరుగా నేల మీద పడుతోంది. "ఎవరు ఆడేవారండీ? కూచిపూడి నుంచి కూడా వచ్చేవారా?" అని మా ఆయన ఆశగా అడిగాడు. పాతికేళ్ల పైమాటే, ఆ గొంతు విని. పిల్లలకి పాఠం చెప్పేవాడి గొంతు అది.

"మంచి ప్రశ్న వేశారు సార్" అని గైడు ముందుకు నడిచాడు.

జైలు దగ్గర "ఇది జైలండీ, లోపల చీకటండీ" అన్నాడు. అది మాకూ కనిపిస్తూనే ఉంది. కొలను దగ్గర, ఈ నీళ్లు తాగితే చలిజ్వరం వచ్చేదని చెప్పుకునేవారన్నాడు. ఎందుకొచ్చేదయ్యా అంటే జాలిగా నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. సగం ధరకు బిందె అడిగి, మూత కూడా ఉచితంగా వస్తుందా అని అడిగే ఆవిడ వైపు నేను చూసే చూపు.

ఎక్కేకొద్దీ మోకాలు పట్టేస్తోంది. ఒక పడిపోయిన గోడ దగ్గర ఆగాం. అక్కడి నుంచి కిందంతా కనిపిస్తుంది. కృష్ణ ఒక పక్కగా తెల్లటి చారలా ఉంది. థర్మల్ కరెంటు స్టేషను పొగగొట్టాలు, రైలు పట్టాలు, వాటికి అవతల విజయవాడ ఉండాల్సిన చోట మసక.

"మన కొట్టు ఎటువైపుంటుందంటావే?" అన్నాడు మా ఆయన.

వచ్చేసింది, అనుకున్నాను. చెప్పబోతున్నాడు.

"అటే అనుకుంటానండీ."

"ఊఁ."

"ఇంత దూరం నుంచి ఏం కనపడుతుంది."

"కనపడదులే."

గాలి వేస్తోంది. ఇద్దరం ఆ మసక వైపే చూస్తూ నిలబడ్డాం. ఎప్పుడైనా గిరాకీ లేని మధ్యాహ్నం కొట్టులో ఇలాగే ఉంటాం, చెరొక స్టూలు మీద, రోడ్డు వైపు చూస్తూ. "రేపు ఏజెంటు ఎన్నింటికి వస్తానన్నాడు?" అన్నాను, కాస్త దారి వేద్దామని. "పొద్దున్నే అన్నాడుగా" అన్నాడు. అక్కడితో ఆ బేరం ఆగిపోయింది.

గైడుకి మా మౌనం నచ్చలేదులా ఉంది. తనంతట తానే ఒక కథ ఎత్తుకున్నాడు.

"ఒకసారి ఈ కొండ కింద ఒక సైన్యం దిగిందంటండీ. ఎవరి సైన్యమని మాత్రం అడక్కండి. నెలలు గడిచాయి. పైన కోటలో ఉప్పు అయిపోయింది. కింద గుర్రాలకి గడ్డి అయిపోయింది. కిందవాళ్లు ఒక్క మనిషిని పంపితే చాలు, తలుపులు తీసేద్దామని పైవాళ్లు. పైవాళ్లు ఒక్క కబురు పెడితే చాలు, గుడారాలెత్తేద్దామని కిందవాళ్లు. ఇద్దరూ పంపరే! అలా ఉండగా ఒకనాటి రాత్రి..."

"ఒకనాటి రాత్రి?" అన్నాడు మా ఆయన.

"ఇక్కడ మెట్లు అరిగిపోయాయండీ, చూసి రండి."

నేను ఇక ఎక్కలేక ఒక రాతి మీద కూలబడ్డాను. మోకాలు రాసుకుంటూ తలెత్తి చూస్తే, వాళ్లిద్దరూ కాస్త ఎడంగా మాట్లాడుకుంటున్నారు. కోతుల గురించి కాబోలు అనుకున్నాను.

నేను లేచి వెళ్లేసరికి గైడు మారిపోయాడు. మనిషి అదే, రేకు మందం పెరిగింది. గోడలో రాళ్లు ఎలా పేర్చారో కర్రతో గీసి చూపించాడు. ధాన్యం నిలవ చేసిన గదుల్లోకి తీసుకెళ్లి, చేత్తో గోడ తట్టి, గాలి ఎటు నుంచి ఎటు వెళ్లేదో చెప్పాడు. మళ్లీ కొలను దాకా వెనక్కి నడిపించి, చలిజ్వరానికి తన కారణాలు తను చెప్పాడు. వాటిలో సగం పుక్కిటివని నాకు తెలుస్తూనే ఉంది. మా ఆయన మాత్రం మధ్యమధ్య అడ్డుపడి, "అది అప్పటికి కాదు కదండీ, తర్వాతి సంగతి కదా" అంటున్నాడు. "అయ్యుండొచ్చు సార్" అంటున్నాడు గైడు ఉత్సాహంగా. ఇద్దరూ ఒకరినొకరు పట్టించుకోకుండా ఆనందంగా మాట్లాడుకుంటున్నారు.

తర్వాత, నీడ పడిన గోడ పక్కన మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ రాత్రి కథ పూర్తి చేశాడు.

"ఆ రాత్రి పైవాళ్లు వెనక దారిన చప్పుడు చెయ్యకుండా దిగిపోయారండీ. అదే రాత్రి కిందవాళ్లు గుడారాల్లో దీపాలు వెలుగుతూనే ఉంచి, మనుషులున్నట్టుగా, మెల్లగా జారుకున్నారు. తెల్లారి చూస్తే పైన ఎవరూ లేరు. కిందా ఎవరూ లేరు."

"మరి కోట ఎవరిదైంది?" అన్నాను.

"తప్పిపోయిన మేకల్ని వెతుక్కుంటూ ఒకాయన పైకొచ్చాడంటండీ. కొన్నాళ్లు ఆయనే రాజు."

మా ఆయన నవ్వాడు. చిన్న నవ్వు కాదు. కళ్లల్లో నీళ్లొచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు.

"ఇది ఏ పుస్తకంలో ఉందయ్యా?" అన్నాను నేను.

"పుస్తకంలో ఉంటే ఇంట్లో కూర్చుని చదువుకునేవారు కదండీ. నాతో పనేముంది?" అని, మాకు కాస్త ఊపిరి తీసుకునే వీలిచ్చి, పక్కకి వెళ్లి సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు.

నేను మా ఆయన వైపు వంగి, "చూశారా, మొదట్లో బిగుసుకున్నాడు గానీ, సగానికే అంతా చూపించేశాడు. మనిషిని బట్టి మాట్లాడాలి" అన్నాను.

"మిగతా సగం నేనిచ్చాను" అన్నాడు.

"ఏమిటి?"

"నువ్వు మోకాలు రాసుకుంటుంటే ఇచ్చాను."

"అడిగినంతా?"

"అడిగినంతా."

నాకు అక్కడే కళ్లు తిరిగాయి. "నాతో ఒక్క మాట అంటే, ఇంకాస్త వేసి అదంతా చెప్పించేదాన్ని కదండీ! పైగా అతను ఇప్పుడు నా గురించి ఏమనుకుంటాడు?"

"ఏమో. సగం సగం కథలతో విసుగొచ్చిందే నాకు."

"కథలతోనా?"

ఆయన మంచినీళ్ల సీసా అందుకున్నాడు. కుడిచెయ్యి భుజం దాకా కూడా రాలేదు. ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్లతో మూత తిప్పబోయాడు. తిరగలేదు. వేళ్ల గీతల్లో స్టీలు నలుపు. ఎంత తోమినా పోని నలుపు అది, నా చేతులకీ ఉంది.

ఇంకాసేపు ఆగితే ఆయనే అనేవాడు. నాకు బాగా తెలుసు. గిరాకీ అంచు దాకా వచ్చిందని ఎప్పుడు తెలుస్తుందో అప్పుడే మనం నోరు కట్టుకోవాలి. అదే అసలు కిటుకు. నాన్న ఉంటే కనుసైగ చేసి ఆపేవాడు.

సీసా తీసుకుని మూత తిప్పి ఇచ్చాను.

"కొట్టు మూసేద్దామండీ" అన్నాను.

"సరే" అన్నాడు.

అంతే. ఆలోచిద్దామనలేదు. ఈ సీజన్ అవనీ అనలేదు. బేరం తెలిసినవాళ్లకి ఇంతకంటే దుఃఖం ఉండదు. అడగ్గానే ఇచ్చేశాడంటే ఆ ధరకి ఎప్పుడో వచ్చేదన్నమాట. ఎప్పటినుంచి సిద్ధంగా ఉన్నాడో, ఎన్ని పొద్దుల షట్టర్లు ఊరికే ఎత్తామో.

"మరి అనలేదేం?" అన్నాను, గొంతు కాస్త లేచింది.

"మీ నాన్న కొట్టు కదే. నేనెలా అంటాను? నువ్వెందుకు అనలేదు?"

"మీ ఉద్యోగం మాన్పించిన కొట్టు కదా."

"నాకు ఆ ఉద్యోగంలో జీతం సరిగా ఇచ్చేవాళ్లే కాదే" అన్నాడు. "ఈ మాట ఎప్పుడూ చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. ధర ముందు చెప్పకూడదని నేర్పింది నేనే కదా.

అటువైపు దిమ్మ మీద నుంచి, "నేనేం వినట్లేదండీ" అన్నాడు గైడు.

సరిగ్గా అప్పుడే నా సంచిలో ఫోను మోగింది. ఏజెంటు. గాలికి వినపడదని స్పీకరు పెట్టాను.

"అమ్మా, రేపు పొద్దున్నే వస్తున్నానండీ. ఆర్డరు రాసి ఉంచుతారని..."

"రావద్దు బాబూ. ఈసారి సరుకు వద్దు. కొట్టు మూసేస్తున్నాం."

అవతల పెద్ద నవ్వు.

"అబ్బా, ఈసారి కొత్తగా మొదలెట్టారే అమ్మా! సరేలెండి, పోయినసారి రేటే ఖాయం చేస్తాను."

"రేటు గురించి కాదు బాబూ. నిజంగానే."

"అమ్మా, మీరు నిజంగా అంటే నాకు భయమేస్తుంది. సరే, ఇంకాస్త తగ్గిస్తాను. ఎక్కడా చెప్పకండి."

"ఓపిక లేదయ్యా మాకు."

"ఓపిక లేదంటే... అర్థమైందిలెండి. సరుకు దింపి, సర్దించే కూలీ కూడా మాదే. డబ్బు సీజన్ అయ్యాకే ఇవ్వండి. ఇక ఇంతకంటే దిగితే నా ఉద్యోగం పోతుందమ్మా. సార్‌ని అడగండి, సార్ మంచివారు."

ఇన్నేళ్లలో నేను ఎంత గింజుకున్నా రానిది, నాన్న కలలో కూడా చూడనిది, ఆ ధర. ఒక్క మాట ఆడకుండా దానంతటదే వచ్చి ఒళ్లో పడింది. దిమ్మ మీద గైడు మెడ చాచి మరీ వింటున్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అబద్ధం ఎందుకు, నా మనసు లెక్కలు కట్టడం మొదలెట్టింది. ఆ ధరకైతే డబరాల సెట్టు ఎంతకి అమ్మొచ్చు, పక్క కొట్టువాడి మొహం ఎలా మాడిపోతుంది. మోకాలి నొప్పి కూడా కాసేపు తెలియలేదు.

మా ఆయన ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు చెప్పవే" అన్నాడు మెల్లగా. "నీకు ఉండాలనుంటే ఉందాం." ఆ మాట అనడానికి ఆయనకి ఎంత ఖర్చయిందో మొహంలో కనపడింది. మొహం మేకలాయన రాకముందు కోటలా ఖాళీగా ఉంది.

"ఎండగా ఉంది, పదండి" అన్నాను.

ఆయన నా వైపు ఒక్క క్షణం తేరిపార చూశాడు. ఏ అర్థంలో అన్నానో తెలుసుకోవాలి కదా పాపం. తర్వాత ఫోను తీసుకుని కట్ చేసి, తిరిగి నా చేతికిచ్చి లేచాడు.

దిగుతున్నాం. గైడు కర్ర పుచ్చుకుని ముందు నడుస్తున్నాడు. నాట్యమండపం దాటేసరికి సంచిలో ఫోను మళ్లీ మోగింది. వెనక్కి పిలుస్తున్నారు. ఇన్నేళ్లూ ఈ పిలుపు కోసమే తాపీగా నడిచాను. ఆ రోజు మాత్రం మోకాలు ఎంత తొందరగా వెయ్యనిస్తే అంత తొందరగా అడుగులేశాను. చెవులు మాట వినవు, అవి కాసేపు వెనకే ఉన్నాయి.

"అమ్మగారూ, మీ ఫోనండీ" అన్నాడు గైడు.

"వినపడుతోందిలే బాబూ."

"ఎత్తరాండీ?"

"ఎత్తం" అన్నాడు మా ఆయన. ఎడమచెయ్యి నాకు ఆసరాగా ఇచ్చి, "ఇక్కడ మెట్లు అరిగిపోయాయి, చూసి దిగు" అన్నాడు.